కొండపల్లిలో ఏముంది, రాళ్లేగా అనేవాళ్ల కోసం

(టేబుల్ మీద రెండు ఏనుగు బొమ్మలు. ఒకటి రంగులేసింది, ఇంకోటి వట్టి చెక్క.)

దసరా సెలవుల్లో పిల్లల్ని కొండపల్లి కోటకి తీసుకెళ్తున్నామంటే బెజవాడలో ముందు వినిపించే మాట, "అక్కడేముందండీ, రాళ్లేగా!" అని. నాకు ఒళ్లు మండుతుంది. ఇంటి పక్కన రాజమహల్ పెట్టుకుని మైసూరు ప్యాలెస్ కోసం రాత్రంతా రైల్లో పోతాం. పోండి, బాగుంటుంది, కాదన్ను. కానీ ఇప్పుడున్న ఆ ప్యాలెస్ పూర్తయింది 1912లో. మన కృష్ణ మీద పాత ఆనకట్ట అంతకన్నా వయసులో పెద్దది, 1855 నాటిది. కొండపల్లి కోటేమో 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టింది.

సరే, ఈ కొండపల్లి బొమ్మ ఏనుగు చూడండి. తెల్లపొణికి చెక్క. కాళ్లు, తొండం, అంబారీ అన్నీ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దానిమీద సున్నం పూత, ఆ తర్వాతే రంగు.

కోటలో రాజమహల్ కూడా ఇదే ఏనుగు. చెక్క బదులు రాయి. మక్కు బదులు సున్నం. పైన నున్నటి గచ్చు, ఆపైన అలంకారం. పాడవడం మాత్రం తిరగేసి జరుగుతుంది: చివర వేసింది ముందు పోతుంది. మొదట రంగు పోతుంది. తర్వాత వాన తగిలే చోట గచ్చు ఊడుతుంది. పగుళ్లలో రావి మొక్క మొలిచి వేళ్లు దించిందంటే మక్కు వదిలేసినట్టే, ఏనుగు కాలు ఊగుతుంది. ఆఖరికి మిగిలేది రాయి. మనం కొండమీద చూసి పెదవి విరిచేది ఈ రంగు ఊడిన ఏనుగునే.

అందుకే పిల్లలకి రాజుల పేర్లు అప్పజెప్పకండి. "గచ్చు ఎక్కడ మిగిలిందో వెతకండి" అనండి, చాలు. మా చిన్నది, ఏడేళ్లు, ఒక కమాను కింద దూరి పైకి చూసి, "ఇక్కడ వాన పడదు కదా నాన్నా, అందుకే ఉంది" అంది. నేను చెప్పలేదు, ఒట్టు! ఆ పక్కనే ఎవడో ప్రేమికుడు మేకుతో గీకిన పేరు. వాన వదిలేసిన గచ్చుని వీడు వదల్లేదు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, 1766లో ఇంగ్లీషువాళ్లు, ఇంతమంది చేతులు మారిందీ ఏనుగు. కాబట్టి ఏ గోడైనా "ఏ రాజు కట్టాడు" అనడిగితే తొందరపడి జవాబు చెప్పకండి. మహల్ పక్కన కోనేరు చూడండి. కొండమీద కోట బతకాలంటే ముందు నీళ్లు కావాలిగా. ఎండెక్కకముందే వెళ్లండి, బూట్లు వేయండి. పిల్లల్ని గోడల అంచులకి పోనివ్వద్దు.

ఆఁ, ఈ బొమ్మలు చేసే బొమ్మల కాలనీకి కోట ఎక్కకముందే వెళ్లండి. సగం చేసిన బొమ్మ చూశాక ఎక్కితే గోడ తెలుస్తుంది. మేం తిరుగు ప్రయాణంలో వెళ్లాం. రంగులేసిన ఏనుగు ఇస్తే మా చిన్నది వద్దంది, "నాకు కోటలాంటిది కావాలి" అని ఈ వట్టి చెక్కది పట్టుకుంది. ఈ వీడియో షూటింగ్ అవగానే తనకి తిరిగిచ్చెయ్యాలి. తలుపు దగ్గరే నిలబడి చూస్తోంది.