తైక్వాండో పిల్లలు ఏం తినాలి, ఎప్పుడు తినాలి?

నమస్తే. ఇవాళ కిక్కులు లేవు, పూమ్సే అనే వరుస కదలికల సాధనా లేదు. కెమెరా తెచ్చి మా వంటింట్లో పెట్టాను. మధ్యలో కుక్కర్ కూత వేస్తే ఏమనుకోకండి, పొయ్యి మీద పప్పు ఉంది.

తైక్వాండో, కరాటే, జూడో, బాక్సింగ్... ఏది నేర్చుకుంటున్నా సరే, 13 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం ఈ వీడియో. పక్కన అమ్మనో నాన్ననో కూర్చోబెట్టుకుని చూడండి, డబ్బా కట్టేది వాళ్లే కదా.

పొద్దున ఐదున్నర క్లాసుకి ఏం తిని వస్తున్నారు? మా పిల్లల్ని అడిగితే "ఏం తినలేదు సార్" అంటారు, లేదంటే "టీ తాగాను సార్". రాత్రి తొమ్మిదికి తిన్నారనుకుందాం. అంటే ఎనిమిది గంటలకు పైగా ఖాళీ కడుపు, దాని మీద గంటన్నర ప్రాక్టీస్. తర్వాత ఇంటికి పరుగు, స్నానం, రెండిడ్లీలు నోట్లో కుక్కుకుని స్కూల్ బస్సు. కడుపు నిండా తినేది మళ్లీ రాత్రి తొమ్మిదికే, పడుకోబోయే ముందు. చాలా ఇళ్లలో వంట బాగానే ఉంటుంది. వేళలే తలకిందులుగా ఉంటాయి.

కాబట్టి ముందు వేళలు. పొద్దున క్లాసుకి అరగంట ముందు ఒక అరటిపండు. అంత పొద్దున్నే ఏమీ దిగదంటారా, సగం పండుతో మొదలుపెట్టండి, మెల్లగా అలవాటవుతుంది. సాయంత్రం క్లాసైతే భోజనానికీ ప్రాక్టీసుకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. మధ్యలో ఆకలేస్తే కాసిని అటుకులో, ఒక పండో చాలు. బిర్యానీ తిని నేరుగా స్పారింగ్‌కి, అంటే ఇద్దరు తలపడే ప్రాక్టీసుకి, వచ్చిన ఒక మహానుభావుడి పుణ్యాన మేం ఒకసారి మ్యాట్ మొత్తం కడుక్కున్నాం.

క్లాసయ్యాక గంటలోపు అసలు టిఫిన్. పెసరట్టు, ఉప్మాతో రెండు ఉడికించిన గుడ్లు, ఉగ్గాని, జొన్న రొట్టె, మీ ఇంట్లో ఏది ఉంటే అది. బస్సుకి టైం లేదంటే రాత్రే గుడ్లు ఉడికించి పెట్టుకోండి, బస్సులో తినొచ్చు. పక్కవాడు ముక్కు మూసుకుంటే మూసుకోనివ్వండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రొటీన్. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ల 2020 లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకి 45 గ్రాములు, అమ్మాయికి 43. 16 నుంచి 18 ఏళ్లకి అబ్బాయికి 55, అమ్మాయికి 46. రోజూ గట్టిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఇంకొంచెం కావాలి.

రండి, తూచి చూద్దాం. ఈ కాటా మీద గుప్పెడు పల్లీలు పోస్తున్నా... 30 గ్రాములు. ఇందులో ప్రొటీన్ దాదాపు 7 గ్రాములు. ఒక గుడ్డులో 6, రెండు తింటే 12. ఈ గ్లాసు పాలలో, ఇది పావు లీటరు, 8. ఇది కందిపప్పు, 50 గ్రాములు. ఇందులో 11. ఎంతైంది? 38. బియ్యాన్ని మనం లెక్కలోకే తీసుకోం గానీ 100 గ్రాముల బియ్యంలో 7 గ్రాముల దాకా ఉంటుంది. రెండు పూటలా కలిపి 200 గ్రాముల బియ్యం అన్నం తింటే ఇంకో 14. మొత్తం 52. చికెన్, పెరుగు ఇంకా లెక్కలోకే రాలేదు. గుడ్డు తినని ఇళ్లలో పల్లీలు, సెనగలు, పెరుగు పెంచండి.

ఒక్క మాట. ఇందాకటి 50 గ్రాముల కందిపప్పు ఉడికితే ఇదిగో, ఇంత గిన్నెడు ముద్దపప్పు అవుతుంది. మనం తినేదేమో పప్పుచారు, అదీ పైపైన తేరిన నీళ్లు. గరిటె అడుగుదాకా పెట్టి కలిపి వడ్డించుకోండి.

ఇన్ని చెప్పినా ఎవరో ఒకరు ప్రొటీన్ డబ్బా చూపించి "ఇది వాడొచ్చా సార్" అంటారు. ముందు డబ్బా వెల చూసి, దానికి ఎన్ని గుడ్లొస్తాయో లెక్కేయండి. ఎనర్జీ డ్రింకులైతే ఆలోచించే పనే లేదు. పిల్లలకు తగదని ఆ క్యాన్ మీదే రాసి ఉంటుంది, అక్షరాలు చిన్నవి, అంతే.

అమ్మాయిలూ, మీకొకటి. 13 నుంచి 15 ఏళ్లలో అబ్బాయికి రోజుకి 22 మిల్లీగ్రాముల ఐరన్ కావాలంటే మీకు 30 కావాలి. నెలసరి మొదలైన వయసు, పైన ప్రాక్టీస్. రెండు రౌండ్లకే ఆయాసం, నిలబడితే కళ్లు తిరగడం ఉంటే బద్ధకం అనుకుని ఊరుకోవద్దు, డాక్టర్ దగ్గర హిమోగ్లోబిన్ చూపించుకోండి. తోటకూర, సజ్జలు, నువ్వులు, మాంసం తినేవాళ్లైతే కార్జం. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే అడ్డం పడుతుంది, గంట ఆగండి.

నీళ్ల సంగతి తేలిక. క్లాసుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. అరకిలో తగ్గితే అది కొవ్వు కాదు, సుమారు అర లీటరు చెమట. ఉప్పేసిన మజ్జిగ దానికి చక్కగా సరిపోతుంది.

ఇక బరువు. అసలు ఈ వీడియో తీసింది దీనికోసమే. నాకు పదహారేళ్లప్పుడు ఒక టోర్నమెంటుకి 51 కిలోలలోపు కేటగిరీలో పేరిచ్చారు. నేనున్నది 53. రెండు రోజులు అన్నం లేదు, చివరి రోజు నీళ్లూ లేవు. ఎండలో రెయిన్‌కోటు తొడిగి పరిగెత్తించారు. బరువు సరిపోయింది, అందరూ భుజం తట్టారు. మొదటి రౌండులో ఎదుటివాడి కిక్ వస్తుండటం కనిపిస్తూనే ఉంది, నా కాలు లేవలేదు. తర్వాత మ్యాట్ పక్కన ఎవరో పంచదార నీళ్లు తాగించడమే గుర్తు.

నాది ఓటమితో పోయింది. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలాగే బరువు దించబోయి, నెల పైచిలుకులో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ రెజ్లింగ్‌లో చెమట పట్టించే రబ్బరు సూట్లు నిషేధించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన రెజ్లర్ వినేశ్ ఫోగాట్ సంగతి మీకు తెలిసిందే. చుట్టూ నిపుణులున్నా, రాత్రంతా కష్టపడినా కేటగిరీ బరువు కన్నా 100 గ్రాములు ఎక్కువే మిగిలింది, ఫైనల్ పోయింది. ఇంట్లో యూట్యూబ్ చూసి మీరు చేసే పని కాదిది.

మీరింకా ఎదుగుతున్నారు. నిరుడు 48లో ఆడినవాడు ఈ ఏడు 51కి, పైయేడు 55కి వెళ్లడం డోబోక్, అదే మన తైక్వాండో డ్రెస్సు, పొట్టి అయినట్టే. కొత్త డోబోక్ కొనుక్కుంటాం గానీ కాళ్లు నరుక్కోం కదా. కేటగిరీ మార్చమని మీ మాస్టర్‌ని అడగండి. అడగడానికి భయమేస్తే అమ్మనో నాన్ననో పంపించండి.

అదిగో, మూడో కూత. పప్పు దించి వస్తాను. రేపు మీ డబ్బాలో ఏం పెట్టుకెళ్తున్నారో కింద కామెంట్లలో రాయండి.