రేపు సముద్రం ఎటు లాగుతుంది? ఎంతవరకు నమ్మొచ్చు?

యాంకర్: అందరికీ నమస్కారం. తుపాను వస్తే తప్ప మనం బంగాళాఖాతం వైపు చూడం. మామూలు రోజుల్లో ఒడ్డు దగ్గర నీళ్లు ఎటు పోతున్నాయో వేటకి వెళ్లేవాళ్లకి తప్ప ఎవరికీ పట్టదు. ఈ రోజు మన అతిథి సముద్ర ప్రవాహాల్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడలింగ్‌లో పనిచేస్తున్న మేడమ్. మేడమ్, సూటిగా అడిగేస్తాను. ఇన్ని ఉపగ్రహాలు, సూపర్ కంప్యూటర్లు ఉన్నాయి. రేపు కాకినాడ బయట సముద్రంలో కరెంట్, అంటే నీటి ప్రవాహం, ఎటు ఉంటుందో చెప్పలేరా?

అతిథి: చెప్తామండీ. చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పడమే కష్టం. నన్నడిగితే అసలు పని అదే.

యాంకర్: మీ లెక్క మీద మీకే అనుమానమా?

అతిథి: అనుమానానికీ ఒక కొలత ఉండాలి కదా. లేకపోతే అది ఎవరికీ పనికిరాదు. ముందు మన తీరం సంగతి చెప్తాను. ఇక్కడ ఒడ్డు వెంట పారేదాన్ని ఈస్ట్ ఇండియా కోస్టల్ కరెంట్ అంటాం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అంటే చెన్నై వైపు నుంచి విశాఖ, ఒడిశా వైపు పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచి జోరు మీద ఉన్నప్పుడు సెకనుకి ఒక మీటరు దాకా వెళ్తుంది. ఇంజిన్ ఆగిన పడవ ఆ ప్రవాహంలో పడితే ఒక్క రోజులో 80 కిలోమీటర్లు దాటిపోవచ్చు.

యాంకర్: ఇంత పద్ధతిగా దిక్కు మార్చుకుంటే ఇంక టెన్షన్ దేనికి?

అతిథి: అది సగటు లెక్క. ఏ రోజూ సగటులా ఉండదు. ఇక్కడ గాలి పడిపోయినా కరెంట్ పడిపోదు. భూమధ్యరేఖ దగ్గర గాలులు మారితే అక్కడ పుట్టిన కెల్విన్ తరంగం అనే చాలా పొడవైన అల సుమత్రా, మయన్మార్ ఒడ్లు పట్టుకుని, బంగాళాఖాతం అంచంతా చుట్టి, కొన్ని వారాలకి మన దగ్గరికి చేరుతుంది. మెక్‌క్రియరీ, శంకర్ వంటి శాస్త్రవేత్తలు 1996లోనే మోడల్స్‌తో ఈ సంగతి చూపించారు. అంటే కాకినాడ గురించి చెప్పాలంటే సుమత్రా దగ్గర గాలి కూడా సరిగ్గా తెలిసుండాలి. ఇది కాక, వంద రెండు వందల కిలోమీటర్ల పెద్ద సుడులు ఉంటాయి. సుడికి ఒక పక్క నీళ్లు ఉత్తరానికి పోతుంటే రెండో పక్క దక్షిణానికి పోతుంటాయి. మోడల్ సుడిని పట్టుకుంది, కానీ 50 కిలోమీటర్లు పక్కకి వేసింది అనుకోండి. సుడి నిజమే, మీ పడవ దగ్గర దిక్కు మాత్రం తలకిందులైపోతుంది.

యాంకర్: నదుల నీళ్ల ప్రభావం కూడా ఉంటుందా?

అతిథి: చాలా ఉంటుంది. వానాకాలం చివర్లో గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు పైపైన పల్చటి పొరగా పరుచుకుని, మన తీరాన్ని ఆనుకుని సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున దక్షిణానికి పారతాయి. దీన్ని పట్టించింది పెద్ద పరిశోధన నౌకలు కాదు. తూర్పు తీరంలో మత్స్యకారులు ఐదు రోజులకోసారి పట్టిచ్చిన నీటి నమూనాలు! 2014లో వచ్చిన ఆ పరిశోధనలో దాన్ని ‘సముద్రంలో నది’ అన్నారు. పైన ఉప్పు తక్కువగా ఉన్న తేలిక నీరు ఉంటే గాలి ఊపు కిందికి దిగదు, బలమంతా పై పొర మీదే పడుతుంది. కాబట్టి మోడల్‌లో ఉప్పు లెక్క తప్పితే వేగం కూడా తప్పుతుంది.

యాంకర్: మరి నేరుగా కొలవచ్చు కదా? మా బందరులో రాడార్ ఉందిగా.

అతిథి: బందరు అనగానే అందరికీ తుపాను రాడార్ గుర్తొస్తుంది. నేను చెప్పేది వేరే. మచిలీపట్నంలో ఒకటి, పశ్చిమ గోదావరిలోని కాళీపట్నంలో ఒకటి, జంటగా పెట్టిన హెచ్‌ఎఫ్ రాడార్లు, అంటే రేడియో తరంగాలతో నీటి కదలికని చూసేవి. వాటి రేడియో తరంగం పొడవు దాదాపు 68 మీటర్లు. అందులో సగం, అంటే 34 మీటర్ల పొడవున్న సముద్రపు అలల నుంచి అది గట్టిగా తిరిగొస్తుంది. కరెంట్ లేకపోతే ఆ అల ఎంత వేగంతో పోవాలో ఫిజిక్స్ చెప్తుంది. కొలిచిన వేగంలో దానికన్నా ఎంత తేడా ఉంటే అదే కరెంట్. కాకపోతే ఒక్క రాడార్‌కి నీళ్లు తన వైపు వస్తున్నాయా, దూరం పోతున్నాయా అన్నదే తెలుస్తుంది. రెండూ కలిస్తేనే దిక్కు తెలిసేది. రెండు రాడార్ల చూపూ దాదాపు ఒకే గీత మీద పడే చోట ఆ దిక్కుని అంతగా నమ్మలేం.

యాంకర్: అంటే కొలతలో కూడా అనిశ్చితి ఉందన్నమాట.

అతిథి: ఉంది, అది కూడా ఒక రకం కాదు. రాడార్ చూసేది పై కొద్ది మీటర్ల నీటిని, కొన్ని కిలోమీటర్ల గడికి ఒక సగటు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు విశాఖ, గోపాల్‌పూర్, కడలూరు బయట లంగరేసి పెట్టిన ఏడీసీపీలు అనే పరికరాలు ప్రవాహాన్ని శబ్దంతో కొలుస్తాయి. అవి ఉన్నచోట లోతు లోతుకీ వేగం చెప్తాయి, కానీ పైన ఉపరితలం దగ్గర వాటికి సరిగ్గా కనపడదు. ఈ రెండిటి అంకెలు కలవకపోతే ఏదో ఒకటి చెడిపోయిందని కాదు. అవి కొలుస్తున్నవే వేరు. ఆ తేడాని కూడా మోడల్‌కి ‘ఇంత తప్పు ఉండొచ్చు’ అని చెప్పాలి. చెప్పకపోతే అది రాడార్ అంకెని గుడ్డిగా నమ్మేసి తన లెక్కని పాడుచేసుకుంటుంది.

యాంకర్: మోడల్‌కి అలా ఎలా చెప్తారు?

అతిథి: ఒకే మోడల్‌ని కొద్ది కొద్ది మార్పులతో చాలాసార్లు నడుపుతాం. గాలి కొంచెం అటూ ఇటూ, మొదటి రోజు స్థితి కొంచెం అటూ ఇటూ. దీన్ని ఎన్సెంబుల్, అంటే గుంపు, అంటారు. హైదరాబాద్‌లో 1999లో పెట్టిన సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్...

యాంకర్: సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు!

అతిథి: ఆ జోకు మాకు పాతదేనండీ. అక్కడ రోమ్స్ అనే మోడల్‌ని ఈ గుంపు పద్ధతితోనే అసలు కొలతలకి కలుపుతారు. గుంపంతా ఒకే మాట చెప్పే చోట ధైర్యంగా ఉండొచ్చు, చెదిరిపోయిన చోట జాగ్రత్త పడాలి. పరికరం పంపే అవకాశం ఉంటే ఆ చెదిరిన చోటికే పంపాలి. అయితే ఒక మెలిక ఉంది. గుంపు ఎంత చెదిరిందో, తర్వాత తేలిన అసలు తప్పు కూడా సగటున అంతే ఉండాలి. చాలాసార్లు గుంపు దగ్గరదగ్గరగా ఉంటుంది, నిజం మాత్రం ఆ గుంపుకే అవతల ఉంటుంది. అన్నిటికీ ఒకే గాలి అంచనా, ఒకే సముద్రపు అడుగు పటం ఇస్తే అలాగే అవుతుంది. తప్పు చెప్పే మోడల్ కన్నా, తప్పు చెప్తూ ధీమాగా ఉండే మోడల్ ప్రమాదం.

యాంకర్: వేటకి వెళ్లేవాళ్లకి ఇదంతా ఎలా అక్కరకొస్తుంది?

అతిథి: ఇన్‌కాయిస్ 2016లో సారాట్ అనే గాలింపు సాధనం తెచ్చింది. తప్పిపోయింది మనిషా, పడవా, ఏ రకం పడవ అని సుమారు 60 రకాల్లోంచి ఎంచుకోవచ్చు. లైఫ్ జాకెట్‌తో తేలే మనిషిని నీళ్లు లాగుతాయి, ఖాళీ పడవని గాలి కూడా తోస్తుంది. చివరిగా ఎక్కడ, ఎప్పుడు కనపడ్డారన్నదీ కచ్చితంగా తెలియదు కాబట్టి ఆ అనిశ్చితిని కూడా లెక్కలోకి తీసుకుని, ఎక్కడ వెతికితే దొరికే అవకాశం ఎక్కువో మ్యాప్ ఇస్తుంది. ఒక్క చుక్క చూపిస్తే కోస్ట్ గార్డ్ ఆ చుక్క దగ్గరికెళ్లి, అక్కడ లేకపోతే ఇంకెటు తిరగాలో తెలియక ఆగిపోవాలి.

యాంకర్: ఎన్ని రోజుల ముందు దాకా నమ్మొచ్చు?

అతిథి: దేన్ని అడుగుతున్నారన్నదాన్ని బట్టి. పోటు పాటులు ఏళ్ల ముందే చెప్పొచ్చు. పెద్ద సుడి కొన్నాళ్లపాటు అక్కడే ఉంటుంది కాబట్టి కొన్ని రోజులు ధైర్యం చెయ్యొచ్చు. నదీముఖం దగ్గర చిన్న చిన్న తిరుగుళ్లయితే గంటల్లోనే మారిపోతాయి. అందుకే కరెంట్ మ్యాపుల్లో ఒక్క బాణం గీసి వదిలెయ్యడం నాకు నచ్చదు. తుపాను దారి ఎంత అటూ ఇటూ కావచ్చో వాతావరణ శాఖ శంకువు ఆకారంలో చూపిస్తోంది, జనం దాన్ని చదవడం నేర్చుకున్నారు. కరెంట్‌కి కూడా అలాగే చూపిస్తే మత్స్యకారులకి అర్థం కాదని కొందరంటారు. ఐదు రోజులకోసారి సముద్రం నీళ్లు పట్టి లెక్క తప్పకుండా ఇచ్చినవాళ్లకి అర్థం కాదంటే నేను ఒప్పుకోను.