బియ్యం డబ్బాలో బీకన్

(గాలిపటాల గోల, దూరంగా డీజే)

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ వారాసిగూడలో మా ఇంట్లోనే రికార్డ్ చేస్తున్నాం. సంక్రాంతి కదా, మిద్దె మీద పిల్లలు "అఫా" అని అరుస్తూనే ఉంటారు. అది ఎడిటింగ్‌లో తీయడం నా వల్ల కాదు, సర్దుకోండి. నా ఎదురుగా మా పెద్దమ్మ కూతురు కూర్చుంది. కెనడాలో క్యాల్గరీలో ఉంటుంది. వారమంతా డేటాబేస్‌ల పని, శని ఆదివారాలు స్నోమొబైల్. ఆ రెండో సంగతి మా పెద్దమ్మకు మొన్నటిదాకా తెలియదు.

అక్క: ఇప్పుడు తెలిసింది. పొద్దున్నుంచి నాతో మాట్లాడటం లేదు.

తమ్ముడు: స్నోమొబైల్ అంటే ముందు రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు, వెనుక చక్రం బదులు రబ్బరు ట్రాక్ తిరుగుతుంది. మంచు మీద నడిచే బండి.

అక్క: అక్కడ అందరూ స్లెడ్ అంటారు. బరువు 200 కేజీలు పైనే, మన బుల్లెట్ బండి అంత. దాని మీద నేను, నా బ్యాగు. ఆ బరువు గుర్తుపెట్టుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తాం. ముందు ఇది చూడు.

తమ్ముడు: ఏంటిది? పాత నోకియా ఫోన్‌లా ఉంది.

అక్క: అవలాంచ్ బీకన్. అవలాంచ్ అంటే కొండ మీది మంచు చరియ విరిగి జారిపడటం. నేను ఆన్ చేసి ఒంటికి కట్టుకుంటే ఇది ఎప్పుడూ సిగ్నల్ పంపుతూ ఉంటుంది. ప్రపంచంలో ఏ కంపెనీ బీకన్ అయినా ఒకటే ఫ్రీక్వెన్సీ, 457 కిలోహెర్ట్జ్. నేను మంచు కింద పడితే నువ్వు నీది సెర్చ్‌లో పెట్టి నన్ను వెతుకుతావు. ఇలాంటిదే ఇంకోటి ఈ ఇంట్లో దాచాను. మాటలయ్యాక నువ్వు వెతకాలి.

తమ్ముడు: రెండు గదుల ఇల్లు అక్కా ఇది. రెండు నిమిషాలు చాలు.

అక్క: సరే, చూద్దాం.

తమ్ముడు: హైదరాబాద్ వాడికి మంచు అంటే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్. కోటు అద్దెకు తీసుకుని గంటసేపు జారి రావడం. అందుకని మొదటి నుంచి చెప్పు. మంచు చరియ ఎలా విరుగుతుంది? అరిస్తే విరుగుతుందంటారు కదా.

అక్క: అదంతా సినిమాల్లో. అరుపుకు విరగదు, ఇంజిన్ మోతకూ విరగదు. బరువుకు విరుగుతుంది. ప్రాణం తీసే అవలాంచ్‌లలో సుమారు 90 శాతం, దాని కింద పడ్డ మనిషో, అతనితో వచ్చిన వాళ్లో కదిలించినవే. కొండ తనంతట తాను మన మీద పడేది తక్కువ. మనమే వెళ్లి తట్టి లేపుతాం.

తమ్ముడు: కానీ మంచు గట్టిగానే ఉంటుంది కదా? బండే నడుస్తుందంటే.

అక్క: గట్టిగా ఉండటంతోనే చిక్కు. ఇంట్లో రవ్వ ఉందా? పళ్లెంలో పల్చగా రవ్వ పరిచి, దాని మీద లావుపాటి పుస్తకం పెట్టి, పళ్లెం మెల్లగా వంచు. కొంతసేపు కదలదు. ఒక దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మొత్తం ఒక్కసారే జారుతుంది. ఆ పుస్తకాన్ని స్లాబ్ అంటారు. గాలికి కొట్టుకొచ్చి గట్టిపడ్డ మంచు పలక. కింద రవ్వలాంటిది బలహీనమైన పొర. చలి బాగా ఉండి మంచు పల్చగా ఉన్నప్పుడు లోపల గింజలు పంచదారలా మారిపోతాయి, ఒకదాన్నొకటి పట్టుకోవు. ఆ పొర మీద మళ్లీ మంచు పడుతుంది, పైనుంచి చూస్తే అంతా తెల్లగా, అందంగా ఉంటుంది. వారాల కింద పడ్డ పొర ఇవాళ విరగొచ్చు.

తమ్ముడు: ఎంత వాలు ఉంటే జారుతుంది?

అక్క: లేచి బయటికి చూడు. మీ మిద్దె మెట్లు.

తమ్ముడు: ఇవా?

అక్క: మన ఇళ్లలో మెట్ల వాలు ఇంచుమించు 30 డిగ్రీలు, కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువ. అవలాంచ్‌లు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 మధ్యలోనే. బాగా నిటారుగా ఉన్న కొండ మీద మంచు నిలవదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. అంటే మనల్ని చంపే వాలు చూస్తే భయం వేసేది కాదు. రోజూ పాల ప్యాకెట్ పట్టుకుని ఎక్కే మెట్లలాంటిది. స్లెడ్ వాళ్లకు బాగా సరదాగా ఉండే వాలు కూడా అదే.

తమ్ముడు: అంటే చదునుగా ఉన్నచోట ఉంటే భయం లేదు?

అక్క: నీ తల మీద ఏముందో చూసుకుంటే. వాలు కింద చదును నేల మీద బండి నడిపినా, ఆ పొర కింది నుంచి పైకి పగులుతూ పోయి పై చరియ విరగొచ్చు. పొర కూలినప్పుడు "వుంఫ్" అని ఒక చప్పుడొస్తుంది. స్కీ మీద వెళ్లేవాడికి అది వినబడుతుంది, కాళ్లకు తెలుస్తుంది కూడా. మాకు ఇంజిన్ మోత, హెల్మెట్. కొండ చెప్పే మాట మా చెవిన పడదు. అందుకే మాకు స్లెడ్ వాళ్ల కోసమే వేరే క్లాసులు పెడతారు. ఇంకోటి, స్కీ మీద ఎక్కేవాడు రోజంతా చెమటోడ్చి రెండు మూడు వాలులు తిరుగుతాడు. మేం గంటలో పది తిరుగుతాం. ప్రతిదీ ఒక పందెమే కదా.

తమ్ముడు: క్లాసులో ఏం నేర్పారు మరి?

అక్క: మొదటి లెవెల్ రెండు రోజులు. ఒకరోజు గదిలో, ఒకరోజు కొండ మీద. నేను అనుకున్నదేంటంటే, మంచులో గుంటలు తవ్వించి భూతద్దం పెట్టి చూపిస్తారని. అదీ ఉంది. ఎక్కువసేపు మాత్రం మనుషుల గురించే. ఎవడు ఎక్కడ ఆగాలి, ఎవడు ఎప్పుడు కదలాలి, వద్దనిపిస్తే ఎలా చెప్పాలి. వాలు మీద ఒక్కసారికి ఒక్కడే. మిగతావాళ్లు పక్కన, చరియ వచ్చినా చేరని చోట ఆగి, ఇంజిన్ ఆపి, కళ్లు పైన పెట్టి చూడాలి. బండ్లు పక్కపక్కన, ముఖాలు బయటికి తిప్పి పెట్టాలి. పారిపోవాల్సి వస్తే రివర్స్ తీసుకునే టైం ఉండదు.

తమ్ముడు: ఐపీఎల్ మ్యాచ్‌కు ఉప్పల్ స్టేడియం దగ్గర పార్కింగ్ చేసినట్టు.

అక్క: అదొక్కటి నాకు ముందే వచ్చు. రానిది ఇంకోటి. పైన ఒకడి బండి కూరుకుపోయిందనుకో, నువ్వేం చేస్తావు?

తమ్ముడు: వెళ్లి లాగుతా.

అక్క: మనవాళ్లు ఎవరైనా అదే చెప్తారు. రోడ్డు మీద బండి ఆగితే నలుగురం పరిగెత్తి తోస్తాం. అక్కడ తోయకూడదు. ఆ వాలు ఒక బండి బరువు మోస్తూ ఎలాగో నిలబడి ఉంది, నువ్వు రెండో బుల్లెట్ వేసుకుని దాని పక్కకు వెళ్తావు. వాడే పారతో తవ్వుకుని దిగాలి. కింద నిలబడి చూస్తుంటే చేతులు కట్టేసినట్టు ఉంటుంది. మా బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ తిట్లు నాకు దానికే పడ్డాయి.

తమ్ముడు: సాయం చేయబోయి అందరూ పోయిన సందర్భాలు ఉన్నాయా?

అక్క: ఉన్నాయి. 2008 డిసెంబర్ 28. బ్రిటిష్ కొలంబియాలో ఫెర్నీ దగ్గర. అందరూ స్పార్‌వుడ్ అనే చిన్న ఊరివాళ్లు, మొత్తం 11 మంది. ముందు ఒక చరియ వచ్చి కొందరిని కప్పేసింది. దగ్గర్లో ఉన్న మిగతావాళ్లు వచ్చి బీకన్లతో వెతుకుతూ తవ్వుతున్నారు. ఇంకో చరియ వచ్చి తవ్వుతున్న వాళ్లనూ కప్పింది. 11 మందిలో ముగ్గురే బయటపడ్డారు.

తమ్ముడు: ఎనిమిది మంది?

అక్క: ఎనిమిది మంది. చిన్న ఊరు కదా, ఎవరి ఇంట్లో చూసినా ఆ బాధే ఉండి ఉంటుంది. వాళ్లు ఏమీ తెలియనివాళ్లు కాదు, కొండలు ఎరిగినవాళ్లే. నాకు ఈ కథ చెప్పిన సార్ ఇంకేం మాట్లాడలేదు. టీ తాగి రండి అన్నారంతే.

(కొంచెంసేపు మౌనం, పైన "అఫా" అన్న అరుపు)

తమ్ముడు: మరి... మంచు కింద మనిషి ఎంతసేపు బతుకుతాడు?

అక్క: స్విట్జర్లాండ్ లెక్కల ప్రకారం, పూర్తిగా కప్పుకుపోయినా పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అరగంటకు ఆ తొమ్మిది మూడవుతుంది. ఊపిరి ఆడకే ఎక్కువమంది పోతారు. కదులుతున్నంతసేపు నీళ్లలా ఉండే మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది. వేలు కూడా కదలదు. హెలికాప్టర్ వచ్చేసరికి ఆ పది నిమిషాలు ఎప్పుడో అయిపోతాయి. అంటే నిన్ను బతికించేది ప్రభుత్వం కాదు, నీ వెనుక బండి మీద వస్తున్న ఫ్రెండు. నా బీకన్ ఎంత ఖరీదైనదైనా, నీకు వెతకడం రాకపోతే నాకు అది తాయెత్తుతో సమానం.

తమ్ముడు: నువ్వు ఎన్ని నిమిషాల్లో తీశావు? ట్రైనింగ్‌లో.

అక్క: అడగకపోతే బాగుండేది. పదకొండు.

తమ్ముడు: పాస్ అయ్యావా?

అక్క: పాస్ ఫెయిల్ ఏం లేదు, గోనెసంచిలో పెట్టి పాతిన బీకన్. సంచి "చచ్చిపోయింది" అన్నారు, అంతే. ఎందుకయిందో చెప్తా. బండి దిగి పరిగెత్తా, ఇంజిన్ ఆపలేదు. బీకన్ తెరమీద బాణం ఇటు అటు తిరుగుతోంది. జాకెట్ జేబులో ఫోన్, చేతులకు బ్యాటరీతో వెచ్చబడే గ్లోవ్స్. ఇవన్నీ ఆ సిగ్నల్‌ను చెడగొడతాయి. ఫోన్ లాంటివి మామూలుగా బీకన్‌కు 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. అసలు ఆపేస్తే ఇంకా మంచిది. పొద్దున క్లాసులో ఇదంతా నోట్స్ రాసుకున్నదాన్నే నేను.

తమ్ముడు: తర్వాత?

అక్క: అంకె తగ్గుతుంటే దగ్గరికి వస్తున్నట్టు. మూడు మీటర్లు చూపించగానే పరుగు ఆపి, బీకన్‌ను మంచుకు ఆనించి మెల్లగా జరపాలి. నేను ఆ కంగారులో నిలబడే తిప్పాను. అన్నిటికన్నా తక్కువ అంకె వచ్చినచోట ప్రోబ్, అంటే మడత విప్పితే మూడు మీటర్ల దాకా పొడవయ్యే సన్నటి కడ్డీ, దాన్ని మంచుకు నిటారుగా గుచ్చాలి. తగలకపోతే 25 సెంటీమీటర్లు పక్కకు, చుట్టూ తిరుగుతూ. మనిషికి తగిలితే మెత్తగా తెలుస్తుంది. తగిలాక కడ్డీ తీయకూడదు.

తమ్ముడు: దాని పక్కనే తవ్వడమే.

అక్క: పక్కన కాదు, వాలుకు కింది వైపు నుంచి అడ్డంగా తవ్వుకుంటూ రావాలి. నేరుగా పైనుంచి తవ్వితే అతని ఊపిరి మీద నువ్వే నిలబడతావు. మీటరు లోతున ఉన్న మనిషిని తీయడానికి టన్ను పైనే మంచు ఎత్తిపోయాలి. ప్లాస్టిక్ పార విరిగిపోతుంది, అల్యూమినియందే కావాలి. పార, ప్రోబ్ వీపు మీద బ్యాగులో ఉండాలి, బండికి కట్టకూడదు. చరియ వస్తే నువ్వొక చోట, బండొక చోట. మొదటి ఏడాది నేను బండికే కట్టుకుని తిరిగాను.

తమ్ముడు: ఎయిర్‌బ్యాగ్ బ్యాగులు కూడా ఉంటాయంటారు?

అక్క: ఉన్నాయి, నాకూ ఉంది. హ్యాండిల్ లాగితే బెలూన్ ఉబ్బుతుంది. మరమరాల డబ్బా ఊపితే పెద్ద పల్లీలు పైకి వస్తాయి చూడు, అదే సూత్రం. నువ్వు పెద్ద పల్లీ అవుతావు. కానీ కింద చెట్లు, రాళ్లు ఉంటే పల్లీకి కూడా దెబ్బలు తగులుతాయి.

తమ్ముడు: ఇప్పుడు మన సంగతి. పోయినేడు మా ఆఫీసు వాళ్లం గుల్మార్గ్ వెళ్లాం. నేను స్నో బైక్ ఎక్కాను.

అక్క: చదునుగా ఉండే మైదానంలో, బండివాడు ముందు కూర్చుని, నువ్వు వెనుక పట్టుకుని. అందులో ఫొటో తప్ప ప్రమాదం ఏం లేదు. గొండోలా, అంటే కేబుల్ కారు ఎక్కి అఫర్వత్ కొండ పైకి వెళ్లి, హద్దుగా కట్టిన తాడు దాటి అవతలికి పోతే అది వేరే కథ. 2023 ఫిబ్రవరి 1న అక్కడే ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. అదే ఏడాది ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా వెళ్లే రోడ్డు మీద ఏడుగురు టూరిస్టులు పోయారు. వాళ్లు స్కీలు వేసుకోలేదు, బండ్లు నడపలేదు. మనలాగే వెళ్లినవాళ్లు.

తమ్ముడు: మనకు ముందే చెప్పేవాళ్లు ఎవరూ లేరా?

అక్క: ఉన్నారు. చండీగఢ్‌లో డీజీఆర్‌ఈ అని డీఆర్‌డీఓ సంస్థ. అంతకుముందు మనాలిలో సాసే అని ఉండేది, 1969 నుంచి. 2020లో ఇంకో ల్యాబ్‌తో కలిపి ఈ పేరు పెట్టారు. హిమాలయ జిల్లాలకు హెచ్చరికలు ఇస్తారు. ట్రిప్పు బుక్ చేసేటప్పుడు హోటల్ రివ్యూలు వంద చదువుతాం, ఇది ఒక్కటి చదవం. ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు దాకా చెప్తారు. ఐదు అంటే ఎవరూ బయటికి రారు. మనుషులు ఎక్కువగా పోయేది మూడులో.

తమ్ముడు: మూడంటే మధ్యస్థం కదా?

అక్క: చదువుల్లో మార్కుల అలవాటు మనకు, ఐదుకు మూడంటే ఫర్వాలేదనిపిస్తుంది. ఇక్కడ మూడంటే మనిషి బరువుకు విరిగే అవకాశం బాగా ఉందని. పైగా ఎండ కాస్తూ ఉంటుంది, రాత్రి కొత్త మంచు పడి ఉంటుంది. వెళ్లాలనిపించే రోజే అది. పోయిన సీజన్‌లో అలాంటి పొద్దున ఐదు గంటల డ్రైవింగ్ చేసి వెళ్లి, పార్కింగ్‌లో బులెటిన్ చూసి, చదునుగా ఉన్న అడవి దారిలో తిరిగి వచ్చాం. ఒకడు దారంతా నన్ను తిట్టాడు. ఇప్పటికీ వాడే నా బీకన్ పార్ట్‌నర్. సరే, లే. సెర్చ్‌లో పెట్టు. టైం మొదలు.

(కుర్చీ జరిపిన చప్పుడు, బీప్‌లు)

తమ్ముడు: బాణం ఫ్రిజ్ వైపు చూపిస్తోంది. ఇప్పుడు ఇన్వర్టర్ వైపు. ఇది పనిచేస్తోందా అసలు?

అక్క: పనిచేస్తోంది. నాకు చెప్పకు, నేను మంచు కింద ఉన్నాను.

తమ్ముడు: నాలుగు పాయింట్ రెండు... మూడు... మళ్లీ ఐదు. వంటింట్లో ఉందా? పెద్దమ్మా, కొంచెం జరుగు.

పెద్దమ్మ: నా వంటింట్లో మంచు ఎక్కడుందిరా? అరిసెలు మాడిపోతాయి, అవతలికి పో.

అక్క: నాలుగు నిమిషాలయింది.

తమ్ముడు: ఒకటి పాయింట్ ఒకటి... సున్నా పాయింట్ ఆరు... బియ్యం డబ్బా! దొరికింది. ఎంత?

అక్క: ఏడు నిమిషాల పది సెకన్లు. తవ్వడం కాకుండా. నీ పై జేబులో ఏముందో చూసుకో.

తమ్ముడు: ...ఫోన్.

అక్క: స్విచాఫ్ చెయ్యి. మిద్దె మీదికి పోదాం పద, ఇంకోసారి దాస్తా.