టెలిస్కోపుకీ వంతుంది

అందరికీ నమస్కారం. అమలాపురంలో ఆకాశం గురించి మాట్లాడమంటే నాకు ముందు మన కాలవ లాకులే గుర్తొచ్చాయి. ఎందుకో చెబుతాను.

వేసవి రాత్రి మేడెక్కి దక్షిణం వైపు చూస్తే వృశ్చికరాశి కనిపిస్తుంది, కొబ్బరిచెట్లు అడ్డం రాకపోతే. అందులో ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. దానికి కాస్త ఉత్తరంగా ‘స్కార్పియస్ ఎక్స్-1’ అనే నక్షత్రాల జంట ఉంది. మామూలు కంటికి ఆనదు. ఎక్స్-కిరణాల్లో మాత్రం, సూర్యుణ్ణి పక్కన పెడితే, నిత్యం వెలిగేవాటిలో వెలుగులో ఇదే మొదటిది. 1962లో శాస్త్రవేత్త రికార్డో జియాకోని బృందం చంద్రుడి నుంచి ఎక్స్-కిరణాలు వస్తాయేమోనని రాకెట్ పంపింది. వెతికింది చంద్రుణ్ణి, దొరికింది ఇది! రాకెట్ చూడగలిగింది ఆరు నిమిషాలు కూడా కాదు.

ఈ కిరణాలను గాలి మింగేస్తుంది. అందుకే టెలిస్కోపులు మోసే మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి 650 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు.

అద్దంతోనూ చిక్కే. ఎక్స్-కిరణం ఎదురుగా తగిలితే అద్దంలోనే ఇంకిపోతుంది. చిన్నప్పుడు కాలవలో చిల్లపెంకులు విసిరారు కదా? నిటారుగా వేస్తే బుడుంగున మునుగుతుంది. నీళ్లను రాసుకుంటూ పోయేలా విసిరితే గంతులేస్తూ అవతలి గట్టుకు చేరుతుంది. అందుకని ఆస్ట్రోశాట్‌లోని ఎక్స్-కిరణాల టెలిస్కోపులో బంగారు పూత పూసిన పల్చటి రేకులను ఒకదానిలో ఒకటి గొట్టాల్లా అమర్చారు. కిరణం రెండుసార్లు రాసుకుని, రెండు మీటర్ల అవతలున్న సీసీడీ మీద, అంటే కెమెరా చిప్ లాంటి దాని మీద పడుతుంది.

పరిశీలన అంటే ఫొటో తీయడమే అనుకుంటారు. అసలు పని చిట్టా రాయడం. లాకు దగ్గర లస్కరు గేజి చూసి నీటిమట్టం రాసుకున్నట్టు, ఒక్కో ఫోటాన్, అంటే కాంతి రేణువు, ఎప్పుడొచ్చింది, ఎంత శక్తితో వచ్చింది అని రాసుకుంటారు. ఆస్ట్రోశాట్‌లోని లాక్స్‌పీసీ పరికరం సెకనులో లక్షో వంతు తేడానూ పడుతుంది. అంత సూక్ష్మం దేనికంటారా? స్కార్పియస్ ఎక్స్-1లో న్యూట్రాన్ నక్షత్రం, అంటే పెద్ద నక్షత్రం చచ్చాక మిగిలిన చిన్న దట్టమైన ముద్ద, పక్క నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటుంది. అది సుడి తిరుగుతూ పడి, కోటి డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వెలుగు సెకను తిరక్కుండానే ఎన్నోసార్లు పెరిగి తగ్గుతుంది.

ఇక వంతు సంగతి. దాళ్వా పంటకిచ్చే నీళ్లలాగే టెలిస్కోపు సమయమూ వంతులవారీగానే ఇస్తారు. దేన్ని, ఎందుకు, ఎంతసేపు చూడాలో రాసి దరఖాస్తు పెట్టాలి. వంతు వచ్చినా పూర్తిగా దక్కదు. సుమారు 97 నిమిషాలకో చుట్టు, దాదాపు ప్రతి చుట్టులోనూ కొంతసేపు భూమే అడ్డు. దక్షిణ అట్లాంటిక్ మీద విద్యుదావేశ కణాల పోటు ఎక్కువ కాబట్టి అక్కడ పరికరాలను ఆపేయాలి. శివారు రైతులకు ఈ బాధ నేను చెప్పక్కర్లేదు.

కొంతకాలం గడిచాక ఆ చిట్టాలు అందరికీ ఇచ్చేస్తారు. ల్యాప్‌టాప్ తెచ్చుకున్న పిల్లలు ముందు వరుసలోకి రండి, ఒక ఫైలు తెరుద్దాం.