బుష్‌ను నేల మీదే బిగించండి

అందరికీ నమస్కారం. ముందు ఈ ముక్కను చేతులు మార్చుకుంటూ అందరూ ఒకసారి చూడండి. బండి సస్పెన్షన్‌లో వాడే బుష్ ఇదే. రెండు ఇనుప గొట్టాలు, వాటి మధ్య రబ్బరు, అంతే. అయితే ఆ రబ్బరు రెండు గొట్టాలకీ గట్టిగా అతుక్కుని ఉంది. బయటి గొట్టం, అంటే షెల్, ఆర్మ్ (యాక్సిల్‌ను ఛాసిస్‌కి కలిపే కడ్డీ) కన్నంలో బిర్రుగా కూర్చుంటుంది. లోపలి గొట్టాన్ని, అంటే స్లీవ్‌ను, బోల్టు బిగింపు బ్రాకెట్ చెవుల మధ్య నొక్కిపడుతుంది. అంటే రెండూ కదలవు. మరి చక్రం పైకీ కిందికీ ఆడుతుంటే తిరిగేదేమిటి? ఏదీ తిరగదు. రబ్బరు మెలిపడి మళ్లీ యథాస్థితికి వస్తుంది. తలుపు బందులాంటిది కాదిది.

ఈరోజు మాట్లాడేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

మారుతి జిమ్నీనే తీసుకుందాం. మన దగ్గర 2023 జూన్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. ముందూ వెనకా ఏకాండీ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు. ఒక్కో యాక్సిల్‌ను రెండు ఆర్మ్‌లు, పక్కకు జరగకుండా అడ్డంగా ఒక ప్యాన్‌హార్డ్ రాడ్డు పట్టి ఉంచుతాయి. ఒక్కో ఆర్మ్‌కి యాక్సిల్ వైపు రెండు బుష్‌లు, ఛాసిస్ వైపు ఒకటి. నాలుగు ఆర్మ్‌లకీ కలిపి పన్నెండు, రాడ్డుల చివర్లవి వేరే.

ఇప్పుడు బండి లిఫ్ట్ మీద ఉందనుకోండి. ఛాసిస్‌ను ఎత్తారు, యాక్సిల్ కిందికి వేలాడుతోంది. కొత్త బుష్‌లు వేసి, ఇంపాక్ట్ గన్‌తో టకటకా బిగించేశారు. చాలా షెడ్లలో జరిగేది ఇదే. బండి దించగానే ఏమవుతుందో లెక్క కట్టి చూద్దాం. ఆర్మ్ పొడవు 600 మిల్లీమీటర్లు, వేలాడే స్థితికీ నిలబడే స్థితికీ తేడా 120 అనుకుందాం. దాదాపు పదకొండున్నర డిగ్రీలు. అంటే బండి ఇంటి ముందు ఊరికే ఆగి ఉన్నా, రబ్బరు పదకొండున్నర డిగ్రీలు మెలిపడే ఉంటుంది. రాయి ఎక్కి చక్రం ఇంకో 100 పైకి పోయిందా, మెలిక 21 డిగ్రీలు దాటుతుంది. అదే నేల మీద బిగించి ఉంటే మెలిక అటు పదకొండున్నర, ఇటు పదిలోపే. రబ్బరు చిరిగాక "నకిలీ సరుకు అంటగట్టాడు" అని కొట్టువాణ్ణి తిడతాం. చాలాసార్లు పాపం సరుకుది కాదు, బిగించిన చేతిది.

విప్పేటప్పుడు ఛాసిస్ కింద స్టాండ్లు, యాక్సిల్ కింద జాకీ ఉండాలి. ఒకసారికి ఒక ఆర్మే తీయండి. రెండూ ఒకేసారి తీస్తే యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగి, మళ్లీ కన్నాలు కలపడానికి తల ప్రాణం తోకకొస్తుంది. విప్పకముందే, బండి నేల మీద నిలబడి ఉండగా, హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసిపెట్టుకోండి. ఆ నాలుగు అంకెలతో తర్వాత పనుంది.

పాత బుష్‌ను గ్యాస్ మంటతో కాల్చి తీయొద్దు. పొగ ఒంటికి చెడు, వేడి ఆర్మ్‌కి చెడు. హైడ్రాలిక్ ప్రెస్‌తో తోయండి. తీసేముందు, రబ్బరులో ఖాళీలున్న బుష్ అయితే అవి ఎటు తిరిగి ఉన్నాయో ఆర్మ్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టండి. ఆ ఖాళీలున్న దిక్కున బుష్ మెత్తగా ఉంటుంది. కొత్తది వేరే దిక్కుకు తిప్పి వేస్తే, మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా పనిచేస్తుంది.

కన్నంలోని తుప్పు ఎమరీ పేపర్‌తో తీసి, షెల్‌కి పలచగా నూనె రాసి నొక్కండి. ప్రెస్ ఆనాల్సింది బయటి షెల్ అంచు మీదే. రబ్బరు మీదో స్లీవ్ మీదో ఒత్తిడి పెడితే అతుకు లోపలే ఊడుతుంది, బయటికి కనబడదు. బుష్‌ను ఫ్రిజ్‌లో పెట్టి వేయమంటారు కొందరు. 40 మిల్లీమీటర్ల ఉక్కు షెల్ 45 డిగ్రీలు చల్లబడితే తగ్గేది 0.02 మిల్లీమీటరు. ఆపాటి దానికి ఇంట్లోవాళ్లతో గొడవెందుకు?

ఇక బిగింపు. బోల్టులన్నీ దూర్చి, నట్టును ఆనేదాకా మాత్రమే తిప్పండి. స్లీవ్ అంచులు తాకేచోట బ్రాకెట్‌కి గ్రీజు, మందపాటి పెయింటు ఉండకూడదు. గ్రీజుంటే స్లీవ్ జారుతుంది, పెయింటు నలిగితే బిగువు పోతుంది. తర్వాత బండిని చక్రాల మీద దించి, నాలుగు మూలలా ఊపి, రెండు మూడు గజాలు ముందుకూ వెనక్కూ నెట్టండి. అప్పుడు షెడ్డులో బండి కిందికి దిగే గుంటలోంచి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్) బిగించాలి. గుంట లేకపోతే యాక్సిల్ కింద జాకీ పెట్టి, ముందు రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తి బిగించండి. బోల్టు తలను రింగ్ స్పానర్‌తో ఆపి, తిప్పేది నట్టునే. టార్క్ అంకె ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్లోదే వాడండి. బోల్టు మరలకు నూనె రాస్తే అదే అంకెకి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది, అందుకే మాన్యువల్ చెప్పకుండా రాయొద్దు. నైలాన్ లాక్ నట్టు ఒకసారి విప్పితే కొత్తది వేయాల్సిందే.

బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ వేసినవాళ్లు వినండి. బండి 50 మిల్లీమీటర్లు లేచిందంటే నిలబడే స్థితే మారింది. పాత కొలత చెల్లదు. బుష్‌లు మార్చకపోయినా సరే, అన్ని బోల్టులూ వదులు చేసి కొత్త ఎత్తులో మళ్లీ బిగించాలి.

రబ్బరుకి బదులు పాలీయూరిథేన్ (క్లుప్తంగా పాలీ) అనే గట్టి ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో చేసిన బుష్‌ల సంగతి వేరు. అక్కడ స్లీవ్ చుట్టూ పాలీ తిరుగుతుంది, మెలిపడదు. సిలికాన్ గ్రీజు పట్టించాలి, లేకపోతే కీచుమంటుంది. స్లీవ్ పాలీకన్నా పిసరంత పొడవుండాలి, పొట్టిదైతే బ్రాకెట్ పాలీనే నొక్కేస్తుంది. అయితే జిమ్నీలాంటి బండికి నా ఓటు రబ్బరుకే. ఒక చక్రం గుంటలో, ఇంకోటి గట్టు మీద ఉన్నప్పుడు యాక్సిల్ వాలాలంటే, ఆర్మ్‌కి యాక్సిల్ వైపున్న ఆ రెండు బుష్‌లూ నలగాలి. గట్టి పాలీ నలగదు. చక్రం గాల్లోకి లేస్తుంది, భారం బ్రాకెట్ వెల్డింగ్ మీద పడుతుంది.

ఆఖరుగా ప్రతి నట్టు మీంచి బ్రాకెట్ మీదికి పెయింట్‌తో ఒక గీత గీయండి. 500 కిలోమీటర్ల తర్వాత పడుకుని చూడండి. గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలింది, బండి నేల మీద ఉండగానే మళ్లీ బిగించండి. గీత చెక్కు చెదరకుండా ఉండి, బ్రేక్ వేసినప్పుడల్లా "టక్" మంటుంటే బోల్టు తీసి కన్నం చూడండి. అది గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, బ్రాకెట్‌కే పని పడింది.