కిలో బరువు నికాన్ డి850, జేబులో పట్టే సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7: వెలుగు తగ్గాక ఏది నిలబడుతుంది?

నమస్కారం. ఇప్పుడు మీకు తెర మీద రెండు ఫోటోలు పక్కపక్కన కనిపిస్తున్నాయి. రెండూ పాలంపేటలో, రామప్ప గుడి ముందు ఒకే చోట నిలబడి, ఉదయం ఎనిమిది గంటల ఎండలో ఐదు నిమిషాల తేడాతో తీసినవి. ఒకటి నికాన్ డి850తో తీశాను, మరొకటి సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7తో తీశాను. ఏది దేనితో తీసిందో చెప్పమని నలుగురు మిత్రులను అడిగితే ఇద్దరు తప్పు చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకాయన చాలా ఏళ్లుగా పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్న మనిషి. మంచి వెలుగు ఉండి, చూసేది ఫోన్ తెర మీదే అయితే ఈ రెండింటి మధ్య తేడా వెతకడం దండగ అని దీంతోనే తేలిపోయింది కనుక, ఇకపై నేను మాట్లాడేదంతా ఆ వెలుగు తగ్గినప్పుడు, లేదా ఫోటో ఫోన్ దాటి కాగితం మీదికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుందన్న దాని గురించే.

ముందు కెమెరాల సంగతి. డి850 2017లో వచ్చింది. 45.7 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (పాత 35 ఎంఎం ఫిల్ము సైజులో ఉండి వెలుగును పట్టే పలక) ఉన్న ఈ కెమెరా బ్యాటరీ, కార్డుతో కలిపి 1,005 గ్రాములు తూగుతుంది. దానికి నేను ఎక్కువగా వాడే 24-120 ఎఫ్/4 లెన్సు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది) తగిలిస్తే మరో 710 గ్రాములు కలుస్తాయి. 2019లో వచ్చిన ఆర్‌ఎక్స్100 మార్క్ 7 బరువు లెన్సుతో సహా 302 గ్రాములు మాత్రమే. అమెరికాలో విడుదలైనప్పుడు మొదటిదాని ధర లెన్సు లేకుండానే దాదాపు 3,300 డాలర్లు, రెండోదాని ధర దాదాపు 1,200 డాలర్లు.

ఇక సెన్సర్. సోనీ కెమెరాలో ఉన్నదాన్ని ఒక అంగుళం సెన్సర్ అంటారు గానీ, స్కేలు పెట్టి కొలిస్తే ఎటు చూసినా అంగుళం కనిపించదు. దాని కొలతలు 13.2, 8.8 మిల్లీమీటర్లు. పాతకాలం టీవీ కెమెరాల్లో వాడిన గాజు గొట్టాల బయటి వ్యాసాన్ని బట్టి పెట్టుకున్న లెక్క ఇప్పటికీ అలాగే కొనసాగుతోంది, అంతే. నికాన్ సెన్సర్ 35.9, 23.9 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి వైశాల్యంలో అది ఏడు రెట్లకు పైగా పెద్దది. వాన పడుతున్నప్పుడు వాకిట్లో గిన్నె పెడితే ఎన్ని నీళ్లు నిండుతాయో, గంగాళం పెడితే ఎన్ని నిండుతాయో ఊహించుకుంటే చాలు.

రామప్ప గుడి లోపలికి వెళ్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిలో గోడలు ఎర్రటి ఇసుకరాతివి, స్తంభాలూ మదనికలూ నిగనిగలాడే నల్లరాతివి. రంగమండపంలో నిలబడి బయటికి చూస్తే ఎండకు మెరిసే ఆకాశం ఒక పక్క, వెలుగును మింగేసే నల్ల స్తంభం మరో పక్క ఒకే ఫ్రేములో పడతాయి. ఆకాశం తెల్లగా పేలిపోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీశాను కాబట్టి రెండు కెమెరాల్లోనూ స్తంభం మొదట నల్లటి ముద్దలాగే వచ్చింది. తరువాత కంప్యూటర్‌లో రా ఫైలు, అంటే సెన్సర్ పట్టిన సమాచారం కుదించకుండా ఉన్న ఫైలు తెరిచి నీడలు పైకి లేపినప్పుడు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి; పెంచేకొద్దీ నాయిస్ పెరుగుతుంది) 64 దగ్గర తీసిన డి850 ఫైలులో ఆ రాతి మీది సన్నని పూసల చెక్కడం ఒక్కొక్కటిగా బయటికి వచ్చింది. సోనీ ఫైలులోనూ చెక్కడం బయటికి వచ్చింది గానీ దానితోపాటు ఊదారంగు ఇసుకలాంటి నాయిస్ కూడా లేచింది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో తుడిస్తే పూసలు కూడా సగం తుడిచిపెట్టుకుపోయాయి.

రెండో పరీక్ష మా బంధువుల ఇంట్లో రాత్రి ముహూర్తానికి జరిగిన పెళ్లి. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి అడ్డుతెర పక్కకు తీసినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ అర సెకను కోసం నేను ముప్పై అడుగుల దూరంలో, కుర్చీల వరుస వెనక నిలబడి ఉన్నాను. డి850కి 70-200 ఎఫ్/2.8 లెన్సు ఉంది కాబట్టి ఐఎస్‌ఓ 3200 దగ్గర సెకనులో 250వ వంతు వేగం దొరికింది. అదే దూరం నుంచి ఆర్‌ఎక్స్100ను పూర్తిగా జూమ్ చేస్తే ఎపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/4.5కు పడిపోతుంది. అదే వేగం కావాలంటే ఐఎస్‌ఓ 8000 దాకా పోవలసి వచ్చింది. ఫలితం ఇప్పుడు చూడండి: ఎడమ వైపు ఫోటోలో పెళ్లికూతురి కల్యాణ తిలకం అంచు గీత గీసినట్టు ఉంది, చీర అంచులో జరీ పోగులు లెక్కపెట్టవచ్చు. కుడి వైపు ఫోటోలో జరీ అంతా పసుపు పూసినట్టు ఒకే పట్టీగా కలిసిపోయింది.

వెనకాల మసక విషయంలోనూ అదే కథ. పూర్తి జూమ్‌లో సోనీ లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ 72 మిల్లీమీటర్లు, దాన్ని 4.5తో భాగిస్తే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం 16 మిల్లీమీటర్లు తేలుతుంది, అంటే రూపాయి బిళ్ల కన్నా చిన్నది. నికాన్ మీద ఆ 200 ఎఫ్/2.8 రంధ్రం 71 మిల్లీమీటర్లు, అంటే దాదాపు టీకప్పు మూతి అంత. మండపం వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీలూ, కూలర్లూ, ఫోన్లు పట్టుకుని నిలబడ్డ చుట్టాలూ కరిగిపోవాలంటే ఆ టీకప్పు మూతి కావలసిందే.

అయితే ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మీరు అనుకున్నట్టు ఉండదు. మన దగ్గర కరిజ్మా ఆల్బమ్‌కు ఎక్కువగా వాడే 12, 36 అంగుళాల షీటులో సగం పేజీ 12, 18 అంగుళాలు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే, 5,472 పిక్సెళ్ల వెడల్పు ఉన్న సోనీ ఫోటో సరిగ్గా ఆ పేజీకి సరిపోతుంది. అంటే పగటిపూట తీసిన ఫోటో ఒక పేజీ నింపడానికి చిన్న కెమెరా చాలు. కానీ ఆ ఫోటోలో అంచున నిలబడ్డ వీడియో లైట్ స్టాండును కత్తిరించాలనుకుంటే మాత్రం మిగులు ఉండదు. 8,256 పిక్సెళ్ల వెడల్పు ఉన్న డి850 ఫోటోలో సగానికి పైగా కత్తిరించి పారేసినా ఆ పేజీ నిండుతుంది. దానికి మూల్యం కూడా ఉంది: ఒక్కో రా ఫైలు దాదాపు 50 ఎంబీ ఉంటుంది కాబట్టి రెండు వేల ఫోటోల పెళ్లి ఇంటికి తెచ్చేసరికి హార్డ్ డిస్కులో 100 జీబీ ఖాళీ ఉండాలి.

ఇంతవరకు వింటే చిన్న కెమెరా ఎందుకు అనిపిస్తుంది. రెండు సందర్భాలు చెప్తాను. ఒక గాత్ర కచేరీలో మూడో వరుసలో కూర్చుని, గాయని నెమ్మదిగా ఆలాపన ఎత్తుకున్నప్పుడు డి850 షట్టర్ నొక్కాను. అద్దం పైకి లేచి పడిన ఆ ‘ఠప్’ శబ్దానికి ముందు వరుసలోని పెద్దాయన ఒకరు వెనక్కి తిరిగి నా వంక చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. మిగతా కచేరీ అంతా చప్పుడే చేయని ఆర్‌ఎక్స్100తో తీశాను. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో అది సెకనుకు 20 ఫోటోలు తీస్తుంది, పైగా మనిషి కన్నును తనంతట తానే పట్టుకుని వదలదు. డి850లో కంటితో వ్యూఫైండర్‌లో చూస్తూ తీసేటప్పుడు ఆ సౌకర్యం లేదు, ఫోకస్ బిందువును మనమే కన్ను మీదికి జరుపుకోవాలి. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: ఎల్ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫోటోలో అడ్డచారలు పడే ప్రమాదం ఉంది కనుక అలాంటి చోట మెకానికల్ షట్టర్‌కు మారడం మేలు.

రెండోది మిట్టమధ్యాహ్నం ఎండలో మొహం మీద టోపీ నీడ. అలాంటప్పుడు ఫ్లాష్ కావాలి. డి850కి సొంత ఫ్లాష్ లేదు, విడిగా తగిలించినా మామూలు సింక్ వేగం, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం, సెకనులో 250వ వంతు దగ్గర ఆగిపోతుంది. ఆర్‌ఎక్స్100లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి గోరంత ఫ్లాష్ అయినా సెకనులో 2000వ వంతు వరకు పనిచేసి, అడుగు రెండడుగుల దూరంలో ఉన్న మొహాన్ని హాయిగా వెలిగిస్తుంది. ఈ వీడియో కూడా దానితోనే తీస్తున్నాను. మైకు పెట్టుకునే చోటు ఉంది, తెర నా వైపు తిరుగుతుంది, నేను ముందుకు వంగినా ఫోకస్ తడబడదు. డి850 వీడియోలో ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కంపెనీల లెక్క ప్రకారం ఒక ఛార్జికి నికాన్ 1,840 ఫోటోలు, సోనీ 260 ఫోటోలు. పక్షుల గురించి కూడా అంతే: కొల్లేరులో ఆటపాక పెలికాన్ల కోసం వెళ్తే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 200 మిల్లీమీటర్ల జూమ్ దగ్గర ఆగిపోయే సోనీకి అక్కడ పనే లేదు, డి850కి పెద్ద టెలి లెన్సు తగిలించుకోవడమే దారి.

కాబట్టి డబ్బులు తీసుకుని పెళ్లిళ్లు తీసేవారికి, గుళ్లూ శిల్పాలూ పెద్ద సైజులో అచ్చు వేసుకునేవారికి నేను డి850నే చెప్తాను, కానీ లెన్సుకు కూడా బడ్జెట్ ఉంటేనే. బాడీ మీదే ఉన్నదంతా పెట్టేసి ఏదో ఒక చవక జూమ్‌తో సరిపెట్టుకునేవారు ఆ డబ్బుకు తగ్గ ఫోటోలు ఎప్పటికీ చూడరు, వారికి ఆర్‌ఎక్స్100 నిజంగానే మెరుగు. ఇంటిల్లిపాదితో ప్రయాణాలు చేసేవారికీ, వీడియోలు చేసేవారికీ అదే నా మాట.

నికాన్, కెనాన్ రెండూ 2020 తర్వాత డి850 లాంటి అద్దం ఉన్న కెమెరా, అంటే కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకురాలేదు కనుక మీలో చాలామంది డి850ని సెకండ్ హ్యాండ్‌లోనే కొంటారు. అప్పుడు షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో తప్పకుండా అడగండి. ఆ షట్టర్‌ను 2,00,000 సార్లకు పరీక్షించినట్టు కంపెనీ చెప్తుంది కాబట్టి, లక్షన్నర దాటి ఉంటే ఆ మేరకు ధర తగ్గించమని నిస్సంకోచంగా బేరమాడండి. కాంపాక్ట్ కొనేటప్పుడు ఎపర్చర్ ఎఫ్/11 పెట్టి తెల్ల గోడను ఫోటో తీసి చూడండి. బయటికి సాగే లెన్సు జేబులోని నలుసులను లోపలికి లాగేసుకుంటుంది, ఇదివరకు నా దగ్గరున్న వేరే కంపెనీ కాంపాక్ట్ ఒకటి సరిగ్గా అలాగే పోయింది. గోడ ఫోటోలో బూడిదరంగు చుక్క కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి, ఎందుకంటే డి850 సెన్సర్‌ను లెన్సు తీసి మీరే తుడుచుకోవచ్చు గానీ, దీన్ని విప్పాలంటే సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.