ఎండ సరే, మిద్దె సంగతేమిటి?

సభకు నమస్కారం.

కర్నూలు వాళ్లకు ఎండ గురించి చెప్పబోవడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. కనుక ఎండను వదిలేసి, సోలార్ ప్యానెళ్లు పెట్టాల్సిన మన మిద్దెల గురించి మాట్లాడతాను.

గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే పూర్తయింది. ఒకప్పటి అనంతపురం జిల్లా ఎన్.పి.కుంటలో మరొకటి ఉంది. వేల ఎకరాల్లో సూర్యుడు చక్కగానే పని చేస్తున్నాడు. మన ఇళ్ల మీదికి వచ్చేసరికే తంటా. అడ్డం డబ్బేనంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఇళ్ల మీద సోలార్ కోసం కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది, బ్యాంకు అప్పూ ఉంది.

చాలా ఇళ్లలో మీటరు ఇంకా తాతగారి పేరునే ఉంటుంది. ఆయన పోయి ఏళ్లు గడిచినా బిల్లు ఆయన పేరునే వస్తుంది, మనం కడుతూనే ఉంటాం. సోలార్‌కు దరఖాస్తు పెట్టిన రోజున ఆ పేరు అడ్డం వస్తుంది. మార్చాలంటే వారసులు ఒప్పుకోవాలి. ఒకరు బెంగళూరులో, ఒకరు ప్రొద్దుటూరులో, మూడో ఆయనతో మాటలే లేవు. సంతకం అడిగితే మిద్దె రాయించుకుంటున్నారేమోనని అనుమానం. ఇక్కడ ఆగిన దరఖాస్తును ఏ రాయితీ కదిలిస్తుంది?

సంతకాలు కుదిరినా, పైకెక్కి చూస్తే నాపరాళ్ల మిద్దె. కింద దూలాలు, దంతెలు, పైన మట్టి. సిమెంటు స్లాబులో దించినట్టు అందులో బోల్టులు దించలేం. రాయి చిట్లితే వానాకాలమంతా ఇంట్లో గిన్నెలు పరుచుకోవాలి.

అన్నిటికన్నా గట్టి అడ్డంకి, విచిత్రంగా, చవక కరెంటే. మన ఇళ్ల టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు మూడు రూపాయలు, 400 దాటితే 9.75. నెలకు 70 యూనిట్లు కాల్చే ఇంటికి, స్థిర చార్జీలు పక్కన పెడితే, ఏడాది కరెంటు ఖర్చే రెండు వేల చిల్లర. 450 యూనిట్లు కాల్చే ఏసీల ఇంటికి మూడు కిలోవాట్ల సోలార్‌తో ఒక్క నెలలోనే అంతకుమించి మిగులుతుంది. మరి ఎవరు పెట్టించుకుంటారు?

మరో మాట. ఎండ వేడి ముదిరితే కరెంటు పెరుగుతుందనుకోకండి. ప్యానెల్ సామర్థ్యాన్ని లెక్కగట్టేది 25 డిగ్రీల దగ్గర. ఆపైన వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టలేం. బ్యాటరీ లేని మామూలు సోలార్ అయితే, లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. లేకపోతే ప్యానెళ్ల కరెంటు లైనులోకి పారి, మరమ్మతు చేసే లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది; ఆయన ప్రాణం కోసం అలా చేశారు. అమ్మేవాళ్లు ఈ ముక్క ముందే చెప్పాలి.

నా మట్టుకు, చిన్న ఇళ్ల మిద్దెలను వదిలేసి బడి మీదో, ఊరి బంజరులోనో ఉమ్మడిగా ప్యానెళ్లు పెట్టి, ఆ యూనిట్లను ఇంటింటి బిల్లులో తగ్గించాలంటాను. ఢిల్లీలో ఇందుకు నిబంధనలు 2019లోనే వచ్చాయి. ఇక్కడ దాన్ని ఎలా నడపవచ్చో, ముందుగా ఏ ఊరిని ఎంచుకోవచ్చో మీరే చెప్పండి. మైకు అటు ఇస్తున్నాను.